మెరిసే వైపు బొట్టు

ఆయుధపూజ రోజు పొద్దున ఫొటోలన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలని గంగాధరం అనుకున్నాడు. అతను కల్లూరు హైస్కూల్లో గుమాస్తా. యాభై ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు. నాలుగేళ్ల కింద డిజిటల్ కెమెరా కొన్నప్పటి నుంచి వీధిలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ అతనే ఫొటోలు తీస్తున్నాడు. తర్వాత ఎప్పుడో ఎవరో ఒకరు ఫలానా ఫొటో కావాలని వస్తారు. కంప్యూటర్లో అది వెతికేలోపు పది నిమిషాలు కూర్చుంటారు. ఆ పది నిమిషాల కోసమే కెమెరా కొన్నానని అతనికి తెలుసు. తెలిసినందుకు కొంచెం సిగ్గు కూడా.

జనవరిలో కంప్యూటర్ షాపు కిరణ్‌కుమార్ రెండు పద్ధతులు చెప్పాడు. నెలనెలా ఫొటోలన్నిటినీ పదకొండు సీడీల్లోకి ఎక్కించడం ఫుల్ బ్యాకప్. ఒక్కసారి అన్నీ ఎక్కించి, ఆపైన ఏ నెలకానెల కొత్తగా చేరినవి మాత్రమే ఎక్కించడం ఇంక్రిమెంటల్. రెండోది సులువే గానీ, మొదటి సీడీ పాడైతే మిగతావేవీ తెరుచుకోవన్నాడు. గంగాధరం రెండోదే ఎంచుకున్నాడు. జూలై చివర కంప్యూటర్ 'కొత్తవేమీ లేవు' అని చూపించింది. ఆ మాటను అతను చాలాసేపు చూశాడు. తర్వాత ఒక ఖాళీ సీడీ మీద 'జూలై' అని రాసి వరుసలో పెట్టాడు.

పోయిన వారం కంప్యూటర్లోని పాత డిస్కు చచ్చిపోయింది. ఇక ఉన్నవి సీడీలే. పందొమ్మిదింటినీ మెరిసే వైపు గీతలు పడకుండా పైకి తిప్పి, మంచం మీద వరుసగా పేర్చి, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసుతో తిరిగొచ్చేసరికి పక్కింటి రామలక్ష్మమ్మ పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడి ఉంది. కీబోర్డుకూ మౌసుకూ బొట్లు పెట్టేసింది. ఆఖరి సీడీకి పెడుతోంది.

"ఆ పక్క ఎందుకు పెడితివక్కా?"

"మొగానికి పెట్టక వీపుకు పెడతారాప్పా? ఆ పక్క రాతలుండాయి. ఈ పక్క చూస్తే నా మొగమే కనపడ్తాంది."

అతను తువ్వాలుతో తుడిచాడు. తడి పసుపు ఇంకా పాకింది. మొదటి సీడీ పెడితే డ్రైవు గురగురలాడి, చదవలేనంది. ఇక వీధి ఫొటోలన్నీ పోయినట్టేనని రామలక్ష్మమ్మతో అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

ఆమె ఏడుస్తూ బయటికి పోయింది. రెండిళ్లు దాటేసరికి ఆ కబురులో గంగాధరం కంప్యూటర్ పేలిపోయింది. నాలుగో ఇల్లు చేరేసరికి గంగాధరానికే కరెంటు కొట్టింది. అదే వీధిలో ఉండే శివన్న అప్పుడే పూజ చేసిన తన షేర్ ఆటోను బంతిపూల దండతో సహా వాకిట్లోకి తెచ్చి, పెద్దాసుపత్రికి పోదాం ఎక్కమన్నాడు. చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నా గంగాధరం మాట ఎవరూ నమ్మలేదు. పడుకోబెట్టారు. ఎదురింటి గిడ్డమ్మ అరికాళ్లు రుద్దింది. ఇంకెవరో బొరుగుల ఉగ్గాని తెచ్చారు.

అతను బతికే ఉన్నాడని తేలాక కూడా జనం లేవలేదు. పోయిన ఫొటోల గురించి మాట్లాడుకున్నారు. ఎవరు ఏ చీర కట్టారు, పంక్తిలో ఎవరు అలిగి లేచిపోయారు, శివన్న అక్క పెళ్లిలో ఏడ్చింది పెళ్లికూతురా ఆమె మరిదా. ఇంతమంది ఇంట్లో ఉంటే ఏ మూలకు చూడాలో గంగాధరానికి తెలియలేదు. ఇక వెతకడానికి ఫొటోలు లేవు. రేపటి నుంచి వీళ్లు రావడానికి కారణమూ లేదు. కళ్లు మూసుకుని ఒక్కొక్కరి గొంతూ గుర్తుపెట్టుకునే ప్రయత్నం చేశాడు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. అతను మొదటి సీడీని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టాడు. చదివింది. ఆపైన అన్నీ చదివింది. ఆరువేల ఫొటోలు ఒక్కటి కూడా పోలేదు. ఈ మాట చెప్పాలని గేటు దాకా వెళ్లాడు. గొళ్లెం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు.

పొద్దున్నే శివన్న వచ్చాడు. "ఏమైనా దొరికినాయాన్నా?"

గంగాధరం కుర్చీ లాగి వేశాడు. "ఒకటి దొరికింది. మీ అక్క పెళ్లిది. మిగతావి దినానికొకటి వస్తాయేమో చూస్తాండా. కూర్చో, టీ పెడతా."

ఆ లెక్కన వీధి ఫొటోలన్నీ తిరిగి రావడానికి పదహారేళ్లు పడుతుంది.