గంగా ఐస్ ఫ్యాక్టరీ సాయంత్రాలు

మచిలీపట్నం రేవు దగ్గర గంగా ఐస్ ఫ్యాక్టరీ నడిపే కొక్కిలిగడ్డ ఇంద్రావతి, చుట్టుపక్కల చిన్న పరిశ్రమలవాళ్లందరిలాగే, కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి తన సాయంత్రాలను విద్యుత్ శాఖకు రాసిచ్చేసింది. రోజూ ఐదు నుంచి తొమ్మిది దాకా. ఆ నాలుగు గంటలూ ఇక ఆమెకు రావు. ఐదింటికి ఆఫీసు గది తలుపు మూసి గడియ పెట్టేది. గడియ మీద నుంచి చెయ్యి తీసేలోగా తొమ్మిదయ్యేది.

అంతకుముందు చెయ్యగలిగినవన్నీ చేసింది. పాత మోటార్లు తీయించి, తక్కువ కరెంటు తాగేవి వేయించింది. ఆ ఏడాదే రేటు పెరిగింది. రేకుల మీద సోలార్ పలకలు పెట్టించింది. మిగిలిన కరెంటును శాఖ కొనే నిబంధన మారిపోయింది. మధ్యాహ్నం కరెంటు చవకంటే పనంతా మధ్యాహ్నానికి మార్చింది. ఊళ్లో అందరూ అలాగే మార్చుకోవడంతో ఆ చవక కాస్తా పోయింది. ఎక్కడో బొగ్గు ప్రియమైందని, రెండేళ్ల కిందట పడవల్లో కరిగిపోయిన ఐసుకు కూడా సర్దుబాటు చార్జీ పడేది. పడవలవాళ్లు మాత్రం ఐసు దిమ్మకు పాత ధరే ఇచ్చేవాళ్లు. వాళ్లకూ చేపలు సరిగా పడటం లేదు, గట్టిగా అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

అప్పుడు వచ్చింది గంటల పథకం. గిరాకీ ఎక్కువుండే గంటలను వదులుకుంటే మిగతా రోజుకు సగం రేటు. ఆ వేళకు మోటార్లు ఆపేస్తే సరిపోదా అని ఆమె అడిగింది. ఆపిన మోటారును మనసు మారితే మళ్లీ వేసుకోవచ్చనీ, గంటే లేకపోతే ఆ భయం ఉండదనీ శాఖవాళ్లు వివరించారు. అందులో సబబు కనిపించింది. పైగా ఫ్యాక్టరీకి కూడా ఆ గంటలు ఉండవు కనుక గదిలో ఐసు కరగదు. వదులుకున్న గంటలకు వయసు మాత్రం మామూలుగానే లెక్కవుతుందని ఫారం వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆమె చదివే సంతకం పెట్టింది. ఆపరేటర్ మస్తాన్, మరో ముగ్గురు పనివాళ్లు కూడా పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడితే వాళ్లకు సాయంత్రాలు తప్ప ఇంకేమీ మిగలవు.

ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. ఇంటి మీటరు వేరు కాబట్టి భర్త రాఘవులుకు సాయంత్రాలు యథాప్రకారం వచ్చేవి. బోటు ఇంజన్లు బాగుచేసిన మనిషి. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. పథకానికి ముందు ఇంద్రావతి పనంతా ముగించుకుని పొద్దుగూకే వేళ అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, రేవులోకి ఏ పడవ వస్తోందో, దాని రంగేమిటో, ఎంత బరువుతో మునిగి వస్తోందో చెబుతుండేది. ఇంజను చప్పుడు విని ఆయన దాని జబ్బేమిటో చెప్పేవాడు. ఆ కాసేపూ ఇద్దరికీ పని ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆమె తొమ్మిదింటికి ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన అన్నం తిని పడుకునేవాడు. ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

ఏడాది గడిచాక ఆమె విద్యుత్ శాఖ ఏఈ దావీదు గారి దగ్గరకు వెళ్లి, ఆరు నుంచి ఏడు దాకా ఒక్క గంట వెనక్కి ఇప్పించమని అడిగింది. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, ఫైలు తెప్పించి చూశాడు. గంటలను నాలుగేసి చొప్పున కట్టలుగానే అమ్ముతారని, విడదీస్తే కొన్నవాళ్లు ఒప్పుకోరని చెప్పాడు. తమ సిబ్బంది ఆదివారాలు ఇచ్చేశారనీ, తన కొడుకు తనను సోమవారం వచ్చే మనిషిగానే ఎరుగుననీ కూడా అన్నాడు. ఆ మాట అంటూ పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టాడు.

కొన్నది ఎవరని ఆమె అడిగింది.

బెజవాడ అవతల ఒక పెద్ద కంపెనీ. ఇరవై నాలుగు గంటలు చాలక కొనుక్కుంటోంది. కావాలంటే వెళ్లి చూడవచ్చని దావీదు గారు చీటీ రాసిచ్చాడు.

"మీ సాయంత్రాలు బాగున్నాయని వాళ్లు ఉత్తరం కూడా రాశారమ్మా," అన్నాడు.

గురువారం పొద్దున్నే ఇంద్రావతి బస్సెక్కింది. పదకొండింటికి ఆ భవనం చేరితే, చీటీ చూసి మూడో అంతస్తుకు పంపారు. కొన్న గంటలను తమకు వీలైనప్పుడు తెరుచుకుంటారట. ఆ హాల్లో అప్పుడు నిన్నటి సాయంత్రం ఆరవుతోంది. వందమంది దాకా కుర్ర ఉద్యోగులు కంప్యూటర్ల ముందు పని చేసుకుంటున్నారు. వాళ్ల భుజాల మీద రేవు ఎండ ఎర్రగా పడుతోంది. ఉప్పుగాలి, ఎండుచేపల వాసన, దూరంగా ఇంజను చప్పుడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడాదిగా చూడని తన వెలుతురు అది.

కొంతసేపటికి, ఎక్కడినుంచో రాఘవులు గొంతు వినిపించింది.

"ఇంద్రా... అది ఎవరి బోటు?"

ఎవరూ ఉలిక్కిపడలేదు, ఒక్కొక్కరే పని ఆపి లేవసాగారు. గుమ్మానికి దగ్గరి సీట్లో ఉన్న లిఖిత అనే అమ్మాయి ఆమెకు కుర్చీ జరిపి, మెల్లిగా చెప్పింది.

"ఆయన రోజూ ఈ వేళకు పిలుస్తారండీ. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆయన పిలిస్తే టీకి లేస్తాం."

ఇంద్రావతి కిటికీ వైపు వెళ్లింది. బయట బెజవాడ ఎండ మండిపోతోంది, పడవ కనిపించలేదు. అయినా చప్పుడు పోల్చుకుంది. "మన తాతాజీ వాళ్లదండీ. నీలం బోటు. బరువుగానే వస్తోంది," అంది గట్టిగా. అవతల నుంచి ఆయన, ఆ ఇంజనుకు ఆయిలు మార్చమని తాతాజీకి చెప్పమన్నాడు.

మూడింటికి ఇల్లు చేరితే రాఘవులు అరుగు మీదే ఉన్నాడు. నిన్న సాయంత్రం ఆమె పలికిందని సంతోషంగా చెప్పాడు. పొద్దున బస్సుకు వెళ్లే ముందే ఈ మాట అందామనుకున్నాడట, ఎందుకో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదట. ఆమె చెప్పులు విడిచి, ఆయన పక్కన ఐదింటిదాకా కూర్చుంది.

ఆ నెలాఖరుకు విధానం మారింది. సాయంత్రాలకు గిరాకీ పెరిగిందనీ, ఇక మూడేళ్లకు ఒకేసారి రాసివ్వాలనీ, లేదంటే గంటలు వెనక్కి తీసుకుని పూర్తి రేటు కట్టుకోవచ్చనీ నోటీసు వచ్చింది. ఇంద్రావతి మస్తాన్‌నూ మిగతావాళ్లనూ కూర్చోబెట్టి, గంటలు వెనక్కి తీసుకుంటే ఇద్దరినే ఉంచుకోగలనని ఉన్నమాట చెప్పింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా చిన్నదానికి నేను సాయంత్రం ఉండనని తెలుసమ్మా," అన్నాడు మస్తాన్. "జీతం ఉండదంటే దానికి అర్థం కాదు."

ఆమె సంతకం పెట్టింది. ఒక్క షరతు మాత్రం కలపమంది. తన భర్త పిలిచినప్పుడు ఆ హాల్లో ఎవరో ఒకరు తన బదులు పలకాలి. దావీదు గారు దాన్ని పైకి పంపాడు. కంపెనీ అభ్యంతరం చెప్పలేదు, టీ సమయాన్ని పది నిమిషాలు జరిపి ఆ పని లిఖితకు అప్పగించింది. రేవు పడవల పేర్లూ రంగులూ ఇంద్రావతి ఒక కాగితం మీద రాసి పంపింది.

పథకం బాగానే నడిచింది. ఐసు కరగలేదు, పనివాళ్లెవరూ మానలేదు. రెండు నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే ఆమె రాఘవులుకు ఇన్సులిన్ ఇస్తుంటే, ఆయన నవ్వుతూ, ఈ మధ్య సాయంత్రాలు బాగుంటున్నాయన్నాడు.

ఆమె సూది తీసి, అక్కడ దూదితో నొక్కి పట్టుకుంది.

"మునుపు ఎప్పుడూ పని ధ్యాసలో ఉండేదానివి," అన్నాడాయన. "ఇప్పుడు అడిగినదానికల్లా తీరిగ్గా చెబుతున్నావు."

"ఇప్పుడు తీరిక దొరుకుతోంది లెండి," అంది ఇంద్రావతి. దూది పారేసి, మోటార్లు వేయించడానికి ఫ్యాక్టరీకి వెళ్లింది.