అమోనియా చేసిన మేలు

కొత్తగా కొన్న అక్వేరియంలో నీళ్లు పాడయ్యాయని మొత్తుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కలిసొచ్చిన కాలాన్ని కూడా గుర్తుపట్టలేకపోతున్నారు పాపం.

నిజం చెప్పండి. నీళ్లు అద్దంలా మెరుస్తున్న తొట్టిని ఎవరైనా ఎంతసేపు చూస్తారు? వచ్చిన కొత్తలో ఓ నాలుగు రోజులు. ఆ తర్వాత అదీ గోడ మీద క్యాలెండరూ ఒకటే. అదే ఆ నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడనివ్వండి, ఇల్లంతా దాని చుట్టూ చేరుతుంది. అందుకే, అక్వేరియం కొనేవాళ్లు నీళ్లు కుదురుగా ఉండకూడదని కోరుకోవడమే మంచిది.

నమ్మకం కుదరకపోతే ఒక పళ్ల డాక్టరుగారికి జరిగింది వినండి.

ఆయన క్లినిక్ ఒక పాత భవనంలో, రెండు వరసల మెట్లెక్కి వెళ్లాలి. లోపలి గదిలో ఆయనా, ఆయన కుర్చీ. ముందు గదిలో, బల్ల వెనకాల, వచ్చినవాళ్లను వరసగా లోపలికి పంపే ఆయన అక్క. అక్కాతమ్ముళ్లు రోజంతా ఒకే కప్పు కింద ఉంటారు గానీ వాళ్ల మధ్య నడిచే మాటలు రెండే. ‘‘తర్వాతివాళ్లని పంపక్కా’’ అని ఆయన. ‘‘పంపుతున్నా’’ అని ఆవిడ. గొడవలేమీ లేవు. తీరిక లేదు, అంతే.

ఇక్కడొక చిక్కుంది. లోపలి డ్రిల్లింగ్ చప్పుడు ముందు గదిలోకి వినిపిస్తుంది. అది విన్నవాళ్లలో కొందరు ఫోన్ వచ్చినట్టు నటిస్తూ లేచి, అటునుంచి అటే మెట్లు దిగిపోయేవాళ్లు. చేపలను చూస్తూ కూర్చుంటే భయం తగ్గుతుందని డాక్టరుగారు ఎక్కడో చదివారు. వెంటనే ఒక గాజు తొట్టి, అందులోకి నారింజ రంగు చేపలు, అడుగున గులకరాళ్లు, మూల ఒక ఫిల్టరు వచ్చి చేరాయి.

వారం తిరక్కుండానే నీళ్లు మసకబారాయి.

డాక్టరుగారు శుభ్రత విషయంలో రాజీపడే మనిషి కాదు. తొట్టి మొత్తం ఖాళీ చేశారు. గులకరాళ్లను ఒక్కొక్కటీ బ్రష్షుతో తోమారు, వెనక పళ్లను మరిచిపోకూడదన్నట్టు వెనకవైపు కూడా తోమారు. ఫిల్టరులోని స్పాంజిని వేణ్నీళ్లలో ముంచి, పిండి, మళ్లీ ముంచారు. కుళాయి నీళ్లతో తొట్టి నింపేశారు. రెండు రోజులు తళతళలాడింది. మూడో రోజుకి పాలు విరిగినట్టయింది. ఆయన మళ్లీ కడిగారు.

టెస్ట్ కిట్ తెచ్చారు. తొట్టి నీళ్లను చిన్న గొట్టంలో పట్టి మందు చుక్కలు వేస్తే పసుపుపచ్చగా ఉండాలి. ఆకుపచ్చకి తిరిగిందంటే అమోనియా ఉన్నట్టు. చేపల మలం, అవి తినకుండా వదిలేసిన మేత కుళ్లి తయారయ్యే విషం అది. డాక్టరుగారి గొట్టం నిగనిగలాడే ఆకుపచ్చగా తేలింది. పీహెచ్ ఎక్కువుందని ఒక మందు పోశారు. బాగా పడిపోయిందని ఇంకో మందు పోశారు. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. తెరిచిన నోళ్లు ఆయనకు కొత్తేమీ కాదు. కానీ ఇవి మూసుకోవడం లేదు.

ఇప్పుడు ముందు గది చూడాలి మీరు! ఒక్కడు లేచిపోతే ఒట్టు. బట్టలు కుట్టే ఆవిడ కాస్త ఉప్పు వేయమంది. బస్సు డ్రైవరు అవి ఆకలితో నోరు తెరుస్తున్నాయని, మేత సరిపోవడం లేదని తేల్చాడు. ఒక లాయరుగారు ఇద్దరినీ ఖండించారు. బుగ్గ బూరెలా వాచినాయన తన వంతు వచ్చినా కదలకుండా, ‘‘ఆ పెద్దది కాస్త తేరుకోనీండి, వస్తా’’ అన్నాడు. ఏ మత్తుమందుకుందండీ ఈ మహిమ?

అంతకంటే పెద్ద మేలు ఇంకోటి జరిగింది. అక్కాతమ్ముళ్లకు మాటలు వచ్చాయి.

‘‘ఎలా ఉందక్కా ఇవాళ?’’ అని అడుగుతూనే ఆయన లోపలికి వచ్చేవారు.

‘‘నిన్నటి మీద కాస్త ముదురు పచ్చ’’ అనేది ఆవిడ.

మధ్యాహ్నం ఇద్దరూ తొట్టి ముందే కుర్చీలు వేసుకుని తినేవాళ్లు. ఆదివారం సెలవైనా ఆయన ఫోన్ చేసి, ‘‘ఒక్కసారి వెళ్లి చూసిరా అక్కా, నాకెందుకో మనసు మనసులో లేదు’’ అనేవారు. ఆవిడ వెళ్లి చూసి చెప్పేది. ఒక చేప ఓ పక్కకి ఒరిగి ఈదుతోందని గది అవతలి నుంచే ఆయన కనిపెట్టిన రోజున, ఇద్దరూ దాని ముందు గొంతుక్కూర్చుని సాయంత్రం దాకా చూశారు. అది బతకలేదు. దాన్ని తీసి కాగితంలో చుట్టాక డాక్టరుగారు చాలాసేపు ఎవరినీ లోపలికి పిలవలేదు. ఆ తర్వాత లేచి, స్పాంజిని ఈసారి ఏకంగా మరిగించారు.

అన్ని మంచి రోజులకూ ఒక అడ్డు తగులుతుంది. ఇక్కడ అడ్డు తగిలింది మురుగునీటి శుద్ధి ప్లాంటులో పనిచేసే ఒక ఇంజనీరు. దవడపన్ను తీయించుకోవడానికి వచ్చాడు. ఆయన నోట్లో రెండు చేతులూ పెట్టి డాక్టరుగారు తన గోడు వెళ్లబోసుకున్నారు. స్పాంజిని మరిగించిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు కళ్లు పెద్దవి చేసి, ‘‘ఆఁ... ఆఁ...’’ అంటూ చేతులు ఊపాడు. పాపం నొప్పి పుడుతోందని డాక్టరుగారు ఇంకో ఇంజక్షను పొడిచారు.

పన్ను వచ్చేశాక, సగం మొద్దుబారిన నోటితో ఇంజనీరు అసలు మాట చెప్పాడు. ‘‘అమోనియాని తినే బాక్టీరియా ఆ స్పాంజిలోనే పెరుగుతుందండీ. మా ప్లాంటులో దాన్ని కళ్లలో పెట్టుకుని పెంచుతాం. మీరు పుట్టింది పుట్టినట్టు చంపుతున్నారు.’’

పుట్టి బుద్ధెరిగాక బాక్టీరియా మీద యుద్ధం తప్ప వేరే పని చేయని మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. అయినా ఆయన చేతులు కట్టేసుకున్నారు. మేత చిటికెడుకి తగ్గించారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోయే మందు కలిపి, కొద్దికొద్దిగా మాత్రమే మార్చారు. స్పాంజి జోలికి పోలేదు. ఆకుపచ్చ లేతబడింది, పసుపులోకి దిగింది. నీళ్లు తేటపడ్డాయి. చేపలు నోళ్లు మూసుకున్నాయి.

ముందు గది కూడా నోరు మూసుకుంది. వచ్చినవాళ్లు ఫోన్లలో తలలు దూర్చారు. లోపలి చప్పుడు మళ్లీ వినిపించసాగింది. చూశారా, నీళ్లు బాగుపడితే ఎంత నష్టమో?

ఒక ఉదయం డాక్టరుగారు వచ్చి, తొట్టి వైపు ఒక చూపు చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లబోయారు.

‘‘ఒరేయ్’’ అంది అక్క.

‘‘ఏంటక్కా, రంగు మారిందా?’’

‘‘చేపలు బానే ఉన్నాయి. ఆ చచ్చిపోయిన చేప పక్కకి ఒరిగితే అంత దూరం నుంచి కనిపెట్టావు కదరా. నేను అలా ఒరిగే నడుస్తున్నా. మోకాలు మడతపడటం లేదు. నీకు కనబడలేదా?’’

‘‘అటూ ఇటూ ఓ నాలుగడుగులు వెయ్యక్కా’’ అన్నారాయన. ఆవిడ వేసింది. ఆయన చూశారు. తలుపుకి తాళం వేసి, మెట్ల మీద ఆవిడకి భుజం ఆసరా ఇచ్చి దింపి, అప్పటికప్పుడు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

‘‘ఎన్నాళ్లుగా ఈ నొప్పి?’’ అని అడిగాడు ఎముకల డాక్టరు.

తమ్ముడు అక్క మొహం వైపు చూశాడు. అదే అమోనియా గురించి అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేవాడు.