సుభాషిణికి గాజువాక లేదు

భార్య నడిపే కారుకు బీమా చవగ్గా రావాలంటే ఆమె కుడి మలుపులను కంపెనీకి అప్పగిస్తే చాలని తెలిసిన రోజే సీతమ్మధారలో ఉండే ఫల్గుణరావు సంతకం పెట్టేశాడు. మర్నాడు సుభాషిణి కారు తీసేసరికి ఆమెకు ఊళ్లో కుడివైపు దారులు లేవు. అవి ఉండాల్సిన చోట గోడలున్నాయి, వాటి మీద చిరిగిన సినిమా పోస్టర్లు కూడా ఉన్నాయి. స్కూటర్ల మీద వెళ్లేవాళ్లు మాత్రం ఆ గోడల్లోంచే మామూలుగా తిరిగిపోతున్నారు.

ఇందులో వింతేమీ లేదని ఏజెంటు ధర్మలింగం కాఫీ తాగుతూ చెప్పాడు. మలుపు తిరిగేటప్పుడే ప్రమాదాలు. తిరగనివాళ్ల దగ్గర కంపెనీ తక్కువ తీసుకుంటుంది.

"మూడుసార్లు ఎడమకి తిరిగితే ఓ కుడి వచ్చేస్తదండి. పెట్రోలు కాస్త ఎక్కువవుద్ది, అంతే," అన్నాడు.

"మరి మీరు నడిపినప్పుడో?" అని సుభాషిణి భర్తను అడిగింది.

"నావి వాళ్లు అడగలేదే," అన్నాడు ఫల్గుణరావు. అతను అబద్ధమాడలేదు.

ఆ కారు సుభాషిణి బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ దాచిన జీతంతో కొనుక్కున్నది. గాజువాకలో ఉండే చెల్లెలు అరుంధతిని డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి కొన్నది. అరుంధతికి వేరే ఎవరూ లేరు. ఈ సంగతి ఫల్గుణరావుకు తెలుసు. కానీ కొసరు కరివేపాకు రాబట్టకుండా కూరగాయల బండి వదిలిన మనిషి కాడతను. మరుసటేడు రివర్సు గేరు ఇచ్చేసి ఇంకాస్త తగ్గించాడు. ఆ పై ఏడు వాన ఇచ్చాడు. అప్పట్నుంచి చినుకు పడితే స్టీరింగు ఆమె చేతుల్లోంచి మాయమై, ఎండ కాశాక వచ్చేది. సుభాషిణి సర్దుకుంది. సర్దుకుంటుందని అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఆమెను అడగలేదు.

"ఈసారి గాజువాక వదులుకుంటే ప్రీమియం ఇంచుమించు ఉండదండి. అక్కడ లారీలెక్కువ," అన్నాడు ధర్మలింగం మళ్లీ వచ్చినప్పుడు.

సుభాషిణి వంటింట్లోంచి వచ్చింది. "అక్కడ మా చెల్లెలుందండీ."

"తెలుసు మేడం. చెల్లెలుగారికి ఏటీ అవ్వదండి, ఆవిడ అక్కడే ఉంటారు. మీకు గాజువాక ఉండదు, అంతే."

"నీ మంచికే కదా," అన్నాడు ఫల్గుణరావు పెన్ను తీస్తూ. "అరుంధతికి ఆటోలున్నాయి."

ఆ తరవాత సుభాషిణి కారులో బయల్దేరినా, బస్సెక్కినా ఒకటే అయింది. హైవే బోర్డుల మీద ఆ పేరున్న చోటు నున్నగా ఉంది. చెల్లెలు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావక్కా? టైమైపోతోంది."

"వస్తున్నానే. దారి కనపడట్లేదు."

"అదేంటక్కా, అందరూ వస్తున్నారు కదా!"

సుభాషిణి రోడ్డు పక్కన కారాపి ఏడ్చింది. ఆ శ్రావణంలో ఒక వానరోజు ఆటో దొరక్క అరుంధతి ఆసుపత్రికి వెళ్లలేకపోయింది, రెండ్రోజులకు పోయింది. ఫల్గుణరావు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా కారు నడిపాడు. గాజువాక ఉండాల్సిన చోట ఆమెకు కనిపించే గోడ దగ్గర ఆమెను దించి, "ఇక్కడే ఉండు, ఎండలో నిలబడకు," అని జాగ్రత్త చెప్పి లోపలికి వెళ్లాడు. అరుంధతికి చెయ్యాల్సిన కర్మలన్నీ దగ్గరుండి చేయించి వచ్చాడు. మంచి భర్త అని బంధువులు అన్నారు.

మరుసటేడు ధర్మలింగం వచ్చేసరికి ఇవ్వడానికి అపార్ట్‌మెంట్ గేటొక్కటే మిగిలింది. ఈసారి పెన్ను సుభాషిణే తెచ్చింది. ఆమెకిక వెళ్లాల్సిన చోటు లేదు. ఆమెకు గేటుండాల్సిన చోట గోడ లేచింది, ప్రీమియం పూర్తిగా పోయింది. ఫల్గుణరావు ఆ సంగతి లిఫ్టులో చెబితే, పై అంతస్తు ఆయన అక్కడికక్కడే ధర్మలింగం నంబరు తీసుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రమైతే ఆ అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టే సెల్లార్లో ఐదారుగురు ఆడవాళ్లు ఎవరి కారులో వాళ్లు సీటుబెల్టు పెట్టుకుని కూర్చుంటారు. కాసేపు అద్దంలోకి చూసుకుని, ఇంట్లో వంట పని ఉందని లేచి వెళతారు. ఇంతవరకు ఒక్కరి కారుకూ చిన్న గీత పడలేదు.