మాలిక్ మోసిన సైకిల్

ఆ ఆదివారం ఉదయం మాలిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పోటీలో ఆఖరి నుంచి రెండోవాడిగా రావాలి, ఇంటికెళ్లి స్నానం చెయ్యాలి, పదిన్నరకల్లా ఒంగోలులో తన కళ్లజోళ్ల షాపు తెరవాలి. ఇంతకంటే వినయమైన కోరికతో బరిలోకి దిగిన క్రీడాకారుడు ఈ చుట్టుపక్కల ఉన్నాడంటే నమ్మడం కష్టం.

పోటీ పేరు సైక్లోక్రాస్. పొలాల్లోనూ బురదలోనూ సైకిల్ తొక్కాలి, తొక్కడం కుదరని చోట దాన్ని భుజానికెత్తుకుని పరిగెత్తాలి. నలభై నాలుగేళ్ల మనిషికి ఈ దురద ఎందుకు పుడుతుందో దేవుడికే తెలియాలి. మాలిక్ ఇప్పటికి మూడు పోటీల్లో పాల్గొని మూడింటిలోనూ ఆఖరున వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఆ బురదంతా బాత్రూములో కడిగేవాడు, తూము పూడుకుపోయేది, కింది వాటాలో ఉండే ఓనరు పైకొచ్చి మాలిక్ భార్య నస్రత్‌కు క్లాసు పీకేవాడు. మూడోసారి తూము పూడాక ఆవిడ ఒక్క మాటే అంది.

"ఈసారి కూడా ఆఖర్న వస్తే ఆ సైకిల్ గేటు లోపలికి రాకూడదండీ."

ఆ సైకిలంటే మాలిక్‌కు ప్రాణం. రోజంతా షాపులో ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చూసి, వారానికొక్కసారి దానిమీద కూర్చుంటే మళ్లీ ఇరవయ్యేళ్లు వచ్చినట్టుండేది. అది పోతే ఆదివారాలు ఎలా గడపాలో అతనికి నిజంగా తెలియదు. అదృష్టం కొద్దీ ఈసారి రిటైర్డ్ పోస్టుమాస్టరు దానయ్యగారు కొత్తగా పేరిచ్చారు. అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లకూ పట్టీలు. ఆయనకంటే ముందు వస్తే చాలు.

పోటీ మార్టూరు దగ్గర ఒక ఊళ్లో, ఏటా ఎడ్లకు బండలాగుడు పోటీలు జరిగే మైదానంలో పెట్టారు. సైకిల్ క్లబ్బు కార్యదర్శి బాలు తానూ పోటీలో ఉన్నాడు కాబట్టి నిర్వహణంతా ఎడ్లపోటీల కమిటీ పెద్ద వెంకయ్యకు అప్పగించి, ఫోనులో నిబంధనలు చెప్పాడు. నలభై నిమిషాల టైము, వయసును బట్టి విభాగాలు, సైకిల్ భుజాన మోయడం. ఇరవై ఆరేళ్లుగా ఎడ్లను ఆడిస్తున్న మనిషికి ఇందులో కొత్త సంగతేమీ కనిపించలేదు. అంతా మనకు తెలిసిన వ్యవహారమేనన్నాడు. బాలు నిశ్చింతగా ఫోను పెట్టేశాడు.

పొద్దున అందరూ వరుసలో నిలబడగానే వెంకయ్య టార్చిలైటు పట్టుకొచ్చి నోళ్లు తెరవమన్నాడు. ఆధార్ కార్డు చూపిస్తామంటే వద్దన్నాడు. కార్డులో ఎవరేమైనా రాయించుకోవచ్చు, ఎద్దుకైనా మనిషికైనా పన్ను మాత్రం వయసు విషయంలో అబద్ధం చెప్పదట. మాలిక్‌ను సీనియర్ల విభాగంలో రాశాడు. దానయ్యగారేమో గతుకుల్లో ఊడిపడతాయని కట్టుడు పళ్లు ముందే తీసి జేబులో పెట్టుకున్నారు. వెంకయ్య ఆయన నోట్లోకి రెండుసార్లు టార్చి వేసి చూసి, పళ్లింకా వెయ్యలేదని నిర్ణయించి పాలపళ్ల విభాగంలో రాశాడు. ఆయన ఏదో చెప్పబోయారు గానీ పళ్లు లేకుండా ఆయన మాట ఎవరికీ అర్థం కాదు. ఇంటర్ చదివే నలుగురితో కలిపి ఆయన్ను తర్వాతి పోటీకి పక్కన కూర్చోబెట్టారు.

మాలిక్ పథకానికి మొదటికే మోసం వచ్చింది. బరిలో మిగిలిన పదిమందినీ ఒకసారి చూసుకున్నాడు. తనకంటే నిదానస్తుడు ఒక్కడూ లేడు.

పైగా ముందురోజు వాన పడింది. నల్లరేగడి సంగతి తెలిసిందే కదా, పట్టుకుంటే వదలదు. విజిలు ఊదిన రెండో నిమిషానికే మాలిక్ చక్రాలు మట్టితో బిగుసుకుపోయాయి. మిగతా పదిమందీ గట్టు వారన గడ్డి మీదుగా తొక్కుకుంటూ పోయారు. అతను చేసేది లేక సైకిలెత్తి భుజాన వేసుకున్నాడు. అంతే, జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఎగతాళి చేస్తున్నారనుకుని తలదించుకు పరిగెత్తాడు. వెనకాలే ఇద్దరు టేపు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పోటీలోంచి తీసేయడానికి వస్తున్నారనుకుని ఇంకా వేగం పెంచాడు. కాస్త పొడిగా ఉన్న చోట సైకిల్ దించబోతే ఆ ఇద్దరూ కంగారుపడిపోయారు.

"దించొద్దు సారూ, దించితే కొలత అక్కడికే ఆగిపోద్ది."

కొలత దేనికని అడిగే ఊపిరి అతనిలో లేదు. ఒకతను బిందెతో నీళ్లు తెచ్చి వీపు మీద కుమ్మరించాడు. ఇంకొకతను పక్కనే పరిగెత్తుతూ చర్నాకోల గాల్లో ఝళిపించాడు. పదిమందీ మాలిక్‌ను దాటి వెళ్లి, చుట్టు తిరిగొచ్చి, మళ్లీ దాటి వెళ్లారు.

నలభై నిమిషాలు ముగిశాక మాలిక్ సైకిల్‌తో సహా కూలబడ్డాడు. ఇక ఇది ఇంటికి రాదని తలుచుకుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అప్పుడు మైకులో వెంకయ్య ఫలితాలు చదివాడు. మాలిక్ గారు ఎనిమిది వేల నూట పన్నెండు అడుగులు, ప్రథమ బహుమతి. బాలు గారు, కాలవ దాటేటప్పుడు ఆరు అడుగులు, ద్వితీయ బహుమతి. తక్కినవారు సున్నా.

బాలు బురదకాళ్లతోనే స్టేజీ ఎక్కి, ఇది ఎవరెన్ని చుట్లు తొక్కారో చూసే పోటీ అని మొత్తుకున్నాడు. వెంకయ్య ఓపిగ్గా అంతా విన్నాడు.

"తొక్కడం ఎవడైనా తొక్కుతాడు బాబూ. మోసిందెవరు?"

జనం చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు కూడా ఈ మైదానమే కావాలి కాబట్టి బాలు నోరు మూసుకుని దిగివచ్చాడు.

మాలిక్ మెడలో దండ వేసి, నడుమెత్తు షీల్డు చేతిలో పెట్టారు. ఇది న్యాయం కాదని చెప్పాలని అతనికి అనిపించింది గానీ, గేటు కూడా గుర్తొచ్చి నీళ్లు నమిలాడు. కమిటీవాళ్లు తీసిన వీడియో అతనికంటే ముందే ఇల్లు చేరింది. నస్రత్ నిజంగానే మురిసిపోయింది. షీల్డు చున్నీతో తుడిచి టీవీ పక్కన పెట్టింది. ఓనరును కూడా పిలిచి చూపించింది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని వీడియో మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"రెండు నిమిషాలైనా తొక్కకుండానే ఫస్టొచ్చారు కదండీ," అంది మెల్లగా. "ఇంక దాంతో పనేముంది?"

మంగళవారానికల్లా సైకిల్ ఆవిడ తమ్ముడు అయూబ్ ఇంటికి చేరింది. మరుసటి ఏడు పోటీకి పేరు రాసుకోవడానికి వెంకయ్య స్వయంగా ఫోను చేస్తే, తన దగ్గర ఇప్పుడు సైకిల్ లేదని మాలిక్ బాధగా చెప్పాడు.

"దాందేముందండీ," అన్నాడు వెంకయ్య, "బండ మేమే ఇస్తాం."