నన్నెవరూ తీసేయలేదు!

ఇంగ్లీషు పాడైపోతోందని గగ్గోలు పెట్టే పెద్దమనుషులకు నాదొక మనవి. దయచేసి కాసేపు ఊరుకోండి. ఇంగ్లీషు పాడైపోవడం మన కాలంలో మానవజాతికి జరిగిన అతి గొప్ప మేలు!

ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో ఇంగ్లీషు ప్రూఫులు దిద్దినవాణ్ణి. మిక్సీలతో పాటు వచ్చే సూచనల పుస్తకాలు, మందుల డబ్బాలు, బిస్కట్ రేపర్లు, కంపెనీల వార్షిక నివేదికలు... అచ్చుకు వెళ్లేముందు అన్నీ నా ఎర్ర పెన్ను ముందు తలవంచినవే.

ఒకప్పుడు నేనూ మూర్ఖుణ్ణే. హోటల్‌కి వెళితే మెనూ కార్డు మొత్తం దిద్దితే గానీ ఆర్డరు ఇచ్చేవాణ్ణి కాదు. డాక్టరు చీటీ రాసిస్తే, నా రోగం సంగతి తర్వాత, ముందు ఆ స్పెల్లింగు సరిచేయమని ఆయన చేతికే తిరిగి ఇచ్చేవాణ్ణి. మా బావ ఒకసారి నా పుట్టినరోజుకు శుభాకాంక్షల మెసేజ్ పంపాడు. నాలుగు తప్పులు దిద్ది వెనక్కి పంపాను. ఆయనకి నా పుట్టినరోజు మళ్లీ గుర్తు రాలేదు. అత్తవారింట్లో ఇప్పటికీ నా పేరు ఎర్రసిరా.

నా కళ్లు తెరిపించినవాడు ఒక బోర్డు పెయింటరు.

మా వీధి చివర పళ్ల దుకాణానికి బోర్డు రాస్తూ, 'ఫ్రెష్' అనే మాటలో ఎస్ అక్షరాన్ని మూడుసార్లు రాశాడు. నిచ్చెన కింద నిలబడి, అన్ని ఎస్‌లు ఎందుకయ్యా అని నిలదీశాను. కుంచె ఆపకుండానే, బోర్డులో చోటు మిగిలింది సార్ అన్నాడు.

ఇంటికెళ్లి చాలాసేపు ఆలోచించాను. ఇంగ్లీషువాళ్లు మాత్రం చేసిందేమిటి? 'నైఫ్' ముందు కె ఎందుకుంది? 'సైకాలజీ' ముందు పి ఏం వెలగబెడుతోంది? మనం పలకం, అది కదలదు. ఏనాడో ఏ బోర్డు మీదో చోటు మిగిలి ఉంటుంది! వాళ్లు చేస్తే శాస్త్రం, మా వీధి పెయింటరు చేస్తే తప్పా? ఆ రోజుతో స్పెల్లింగు మీద నా పంతం వదిలేశాను. ప్రెస్సులో దిద్దడం మాత్రం మానలేదు. అది కూడు పెట్టే పని కదా.

అయినా, అసలు మేలు స్పెల్లింగులో లేదు. మాటలకు అర్థాలు మారడంలో ఉంది.

'ప్రాబ్లం' అనే మాటనే తీసుకోండి. మా ప్రెస్సులో అది పోయి ఆరేళ్లయింది. మొదట దాన్ని 'ఇష్యూ' అన్నారు. తర్వాత 'ఛాలెంజ్' అన్నారు. కిందటేడు మేనేజరు సర్క్యులర్ వేశాడు, ఇకమీదట 'ఆపర్చునిటీ' అనాలని. అంతే, మా ప్రెస్సులో ప్రాబ్లమ్స్ మాయం! వానాకాలంలో బైండింగ్ సెక్షన్ పైకప్పు కారడం మొదలుపెట్టింది. మూడు ఆపర్చునిటీల కింద మూడు బకెట్లు పెట్టాం. బైండింగ్ అక్క రోజూ పొద్దున్నే వచ్చి, నాలుగో ఆపర్చునిటీ సరిగ్గా తన నెత్తిమీదే కారుతోందని మేనేజరుకు చెప్పుకునేది. ఆయన సంతోషంగా తలూపి వెళ్లిపోయేవాడు. పాత ఇంగ్లీషే ఉండుంటే పాపం, ఆయన కప్పు బాగుచేయించాల్సి వచ్చేది.

'లిటరల్లీ' సంగతి చూడండి. అక్షరాలా జరిగిందని చెప్పడానికి పుట్టిన మాట అది. ఇప్పుడు బొత్తిగా జరగనివాటికి వాడుతున్నారు. మా మేనేజరు ఒక్క నెలలో పదకొండుసార్లు లిటరల్లీ చచ్చిపోయాడు. నవ్వలేక రెండుసార్లు, ఎండకు మూడుసార్లు, మిగతావన్నీ ట్రాఫిక్‌లో. ప్రతిసారీ మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మీటింగుకు హాజరు! పాత అర్థం బతికుంటే మేం పదకొండు సంతాపసభలు పెట్టాలి. ఎంత శ్రమ తప్పింది!

ఇక 'ఆసమ్'. వెనకటికి మనుషులు సముద్రాన్నో పెనుతుపానునో చూసి, నోట మాట రానప్పుడు అనే మాట. ఒకరోజు స్టోర్సు గుమాస్తా దగ్గరికెళ్లి స్టాప్లర్ పిన్నులు ఒక డబ్బా ఇవ్వమన్నాను. ఆసమ్ అన్నాడు. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. తర్వాత అర్థమైంది, అతను పిన్నుల గురించే అన్నాడని. పిన్నులు చూసి పరవశించగలిగినవాడికి జీవితంలో ఏం లోటు ఉంటుంది చెప్పండి?

ఈ సుఖం ఇళ్లలోకీ వచ్చింది. మా మేనకోడలి స్కూలు రిపోర్టులో, లెక్కల్లో ఈ అమ్మాయి ఎదగడానికి అపారమైన అవకాశం ఉందని రాశారు. మా బావ ఉబ్బితబ్బిబ్బయి, దాన్ని ఫొటో తీసి ఫోనులో స్టేటస్ పెట్టుకున్నాడు. చుట్టాలందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. ఆ పిల్ల మాత్రం నన్ను పక్కకి పిలిచి, మామయ్యా, అంటే నేను ఫెయిలయ్యాను అని చెవిలో చెప్పింది. పన్నెండేళ్ల పిల్ల! పిల్లలకి ఇంకా పాత ఇంగ్లీషే వస్తోందని నాకు బెంగ పట్టుకుంది.

ఇంతవరకూ ఇతరుల సుఖం చెప్పాను. ఇక నా భాగ్యం వినండి.

ఒక మంగళవారం మధ్యాహ్నం నా బల్ల మీద దళసరి కాగితం మీద టైపు చేసిన ఉత్తరం ఒకటి పెట్టి ఉంది. ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి మీకు చెప్పాలి. ప్రూఫు దిద్దేవాడు అర్థం కోసం చదవకూడదు. అర్థంలో పడ్డామా, కన్ను జారుతుంది, తప్పు తప్పించుకుంటుంది. అందుకే చివరి పంక్తి నుంచి మొదటి పంక్తి దాకా, ఒక్కో మాటే, వెనక నుంచి ముందుకు చదవమని మా పెద్ద ప్రూఫ్‌రీడరు నాకు మొదటి రోజే నేర్పాడు. ముప్పై ఒక్క ఏళ్లు అలాగే చదివాను. ప్రపంచంలో ఇన్ని పుస్తకాలు చదివి, ఒక్కటీ అర్థం చేసుకోనివాడు నాలాంటివాడు ఇంకొకడు ఉండడు.

ఈ ఉత్తరాన్నీ అలాగే కింది నుంచి పైకి చదివాను. పద్నాలుగు తప్పులు దొరికాయి. అందులో నా పేరు కూడా ఉంది. దాంట్లో ఒక అక్షరం ఎగిరిపోయింది. అదీ దిద్దాను. ఆనక మా పద్ధతి ప్రకారం అడుగున 'చూశాను, సరిగ్గా ఉంది, ముద్రించవచ్చు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ట్రేలో పడేసి టీ తాగడానికి వెళ్లాను.

మూడు రోజుల తర్వాత హెచ్.ఆర్. మేడమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఆవిడ హోదా ఇప్పుడు 'హ్యాపీనెస్ పార్ట్‌నర్' లెండి. ఇంత హుందాగా సంతకం పెట్టి పంపినవాణ్ణి ఇంతవరకు చూడలేదని మెచ్చుకుంది. సాయంత్రం కేకు కోయించారు. నేను వాళ్ల కుటుంబంలో మనిషినని, కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నానని, నా కోసం లిటరల్లీ ఏడుస్తున్నానని మేనేజరు నవ్వుతూ ఉపన్యసించాడు. ప్రమోషన్ వచ్చిందనుకున్నాను! నిజం చెప్పొద్దూ, నా కళ్లు చెమర్చాయి. మిగిలిన కేకు, ఉత్తరం జిరాక్సు కాపీ పట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. పదో తరగతి ఇంగ్లీషు. ప్రూఫు దిద్దడం రాదు కాబట్టి ఉత్తరాన్ని పై నుంచి కిందికి, పంక్తి కింద వేలు పెట్టుకుని చదివింది. రెండుసార్లు చదివి తలెత్తింది.

"ఏవండీ, ఇందులో మీ ఉద్యోగం ఎక్కడుంది?"

అప్పుడు నేనూ మొదటిసారి పై నుంచి కిందికి చదివాను. సంస్థ తన పరిమాణాన్ని సరిచేసుకునే ప్రయాణంలో ఉందట. నా కుర్చీ బాధ్యతలను ఒక సాఫ్ట్‌వేర్ అందుకుంటోందట. నన్ను కొత్త దిగంతాల వైపు విడుదల చేస్తున్నందుకు ఎంతో సంబరపడుతున్నారట. సినిమాల్ని విడుదల చేస్తారు, ఖైదీల్ని విడుదల చేస్తారు. నేను రెండూ కాదు కదా! 'తీసేశాం' అనే మాట ఎక్కడుందో చూపించమని మా ఆవిడతో వాదించాను. భూతద్దం పెట్టి వెతికాను. లేదు. కాబట్టి నన్నెవరూ తీసేయలేదు. సోమవారం పొద్దున్న ఎప్పటిలాగే అన్నం డబ్బా కట్టుకుని ప్రెస్సుకు బయల్దేరాను. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు పద్దెనిమిదేళ్లుగా నాకు తెలుసు. నన్ను చూడగానే లేచి, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. అతను ఇంగ్లీషు చదువుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

"సార్, మిమ్మల్ని తీసేశారు. లోపలికి పంపొద్దని చెప్పారు. నాకు చాలా బాధగా ఉంది."

కేకు కోసినవాళ్లు చెప్పలేదు, చెయ్యి ఊపినావిడ చెప్పలేదు, ఉత్తరం చెప్పలేదు. ఇతను మూడు ముక్కల్లో చెప్పాడు. ఆ కుర్చీలోనే, వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గుపడ్డాను గానీ ఆపుకోలేకపోయాను.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, నన్ను తీసేశారా అని. ఆయన నా భుజం తట్టి, ఇలాంటి నెగటివ్ భాష మన సంస్థలో వాడం అన్నాడు. ఎవరు వాడారని అడిగాడు. నేను చెప్పలేదు. గార్డే చెప్పాడు, నేనే సార్ అని.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం గార్డు మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో దళసరి కాగితం. పొద్దున్న మేడమ్ స్వయంగా గేటు దాకా వచ్చి చెయ్యి కలిపిందని, నలుగురైదుగురు కంగ్రాట్స్ కూడా చెప్పారని, ప్రమోషన్ లాగే ఉందని, కాస్త చదివి చెప్పమని మొహమంతా వెలుగు చేసుకుని అడిగాడు. ఎవరు రాశారో గానీ ఒక్క తప్పు కూడా లేకుండా ఉందని ఆఫీసులో అనుకుంటున్నారట.

ఈసారి పై నుంచి కిందికి చదివాను. మొదటి వాక్యం దగ్గరే గుర్తుపట్టాను. అది నా ఉత్తరం! నా పేరున్న చోట అతని పేరు, సాఫ్ట్‌వేర్ ఉన్నచోట కెమెరా. మిగతాదంతా నేను దిద్దింది దిద్దినట్టే ఉంది. పద్నాలుగు తప్పుల్లో ఒక్కటీ మిగల్లేదు. ముద్రించవచ్చని నేను సంతకం పెట్టాను, వాళ్లు ముద్రించుకున్నారు.

పాఠక మహాశయులారా, మెత్తని మాటలు నా దగ్గర మాత్రం తక్కువా? ప్రయాణం ఉంది, దిగంతం ఉంది, అవకాశం ఉంది. ఏదో ఒకటి అనేస్తే అతను నవ్వుకుంటూనే ఇంటికెళ్లేవాడు. లోపలి గదిలో మా ఆవిడ మిషను ఆగిపోయింది.

"నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు తమ్ముడూ," అన్నాను. "నాకు ఉన్నమాట చెప్పావని తీసేసుంటారు. ఈ ఉత్తరంలో తప్పులు దిద్దింది నేనే."

అతను నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"మీరైనా తెలిసేలా చెప్పారు సార్," అన్నాడు.