సందెబల్బుకు దండం

భూమ్మీద ఏ ఒక్క ఇల్లూ చీకట్లో ఉండరాదని, ఏడాదిలో ఆరు నెలలు సూర్యుడి మొహం సరిగా చూడని ఒక చల్లటి దేశం తీర్మానించింది. తీర్మానం గొప్పది. దాని అమలుకు ‘దిగంత దీప నిధి’ అనే సంస్థ, ఆ సంస్థకు నూట నలభై పేజీల మార్గదర్శకాలు, ఆ మార్గదర్శకాలకు రెండు వందల పేజీల వివరణ ఏర్పడ్డాయి. (మొదటి దాంట్లో దీపం అంటే ఏమిటో ఉంటుంది. రెండో దాంట్లో ‘అంటే’ అంటే ఏమిటో ఉంటుంది.)

వాటి ప్రకారం, స్విచ్చి వేసినప్పుడు బల్బులో ఏదైనా మార్పు కనిపిస్తే ఆ ఇంటికి కరెంటు ఉన్నట్టు. మార్పు ఎంత ఉండాలన్నది స్థానిక పరిస్థితులను బట్టి నిర్ణయించుకోవచ్చు.

స్థానిక పరిస్థితులు నకరికల్లుకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని తూర్పుపాలెంలో ఉన్నాయి. అక్కడ తొంభై ఇళ్లకు ఒకటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇరవై ఇళ్లున్నప్పుడు పెట్టింది. ఇళ్లు పెరిగాయి, ఫ్రిజ్‌లు పెరిగాయి, కూలర్లు పెరిగాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇచ్చిన మాట మీద నిలబడింది.

ఆ ఊళ్లో శేషారత్నం దోసెల పిండి రుబ్బి, నకరికల్లు సెంటర్లో అంకారావు టిఫిన్ బండికి వేస్తుంది. సాయంత్రం రుబ్బితేనే తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఆ సాయంత్రమే ఊరంతా స్విచ్చిలు వేస్తుంది. అప్పుడు గ్రైండరు మూలుగుతుంది గానీ రాయి తిరగదు. వోల్టేజి ఎంతుందో తెలియడానికి ఆమె వరండాలో పాతకాలపు బల్బొకటి ఉంచుకుంది. బల్బు పసుప్పచ్చగా ఉంటే పప్పు పోస్తుంది, ఎర్రబడితే ఆగిపోతుంది. (ఈ పరికరం గురించి మార్గదర్శకాల్లో లేదు.)

“అక్కా, నిన్నటి పిండిలో పలుకులు తగిలినయ్యి. దోసె తిరగేస్తే మూడు ముక్కలైంది,” అన్నాడు అంకారావు. “నెలాఖరు దాకా చూస్తా. తర్వాత పేట నుంచి పిండి ప్యాకెట్లు తెప్పించుకుంటా. ఏమనుకోమాక.”

“నేనేమన్నా కావాలని పలుకులు ఏస్తన్నానా అంకారావూ?”

“నువ్వెయ్యట్లా అక్కా, కరెంటోళ్లు ఏస్తన్నారు. తినేవోడు తిట్టేది నన్ను కదా.”

కాబట్టి, దిగంత దీప నిధి వారు కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు ఇవ్వడానికి ఊళ్లను పరిశీలిస్తున్నారనీ, తూర్పుపాలెంలో నమూనా ఇల్లుగా తనదే ఎంపికైందనీ లైన్‌మన్ ఏసోబు వచ్చి చెప్పినప్పుడు, శేషారత్నం పప్పు కడుగుతున్న తడి చేతులతోనే లేచి నిలబడింది.

“పిన్నీ, వాళ్లు సరిగ్గా సందేళకొస్తారు. నువ్వు స్విచ్చి ఎయ్యి, ఎర్రబల్బు చూపించు, గ్రైండరు మూలిగించు. అంతే. నోరు తెరవమాక.”

“నేనెందుకు తెరుస్తా?”

“నీ సంగతి నాకు తెలవదా ఏంది?”

ఆమె నోరు తెరవలేదు. చరిత్ర ఈ విషయాన్ని నమోదు చేసుకోవాలి.

పరిశీలక బృందం రెండు కార్లలో వచ్చింది. ముందు ఆ చల్లటి దేశపు మేడం, వెనక అనుసంధాన అధికారి (స్థానిక భావోద్వేగాలు) జయకృష్ణ, అతని చేతిలో ట్యాబు. పొద్దు గుంకింది. శేషారత్నం స్విచ్చి వేసింది. బల్బు ఆరిపోబోయే అగరొత్తి కొసలా ఎర్రగా కనిపించింది. అంతా అనుకున్నట్టే ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె రెండు చేతులూ వాటంతటవే లేచి, బల్బుకు దండం పెట్టి, కళ్లకద్దుకుని దిగాయి.

సందెవేళ దీపం వెలిగించగానే దండం పెట్టడం ఆమెకు తల్లి నేర్పింది. తల్లి కాలంలో కిరసనాయిలు బుడ్డి ఉండేది. బుడ్డి పోయి బల్బు వచ్చింది. చేతులకు ఆ సమాచారం అందలేదు.

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏడు దేశాలు తిరిగిన మనిషి ఆమె. కరెంటు చూసి నవ్వినవాళ్లను చూసింది, బిల్లు చూసి ఏడ్చినవాళ్లను చూసింది. కరెంటును కొలిచే వినియోగదారు ఇప్పటిదాకా తగల్లేదు. వెంటనే ఫొటో తీయించింది.

జయకృష్ణకు ఈ అలవాటు తెలియక కాదు. వాళ్లమ్మ ట్యూబులైటుకు కూడా పెడుతుంది. కానీ ట్యాబులో ‘అలవాటు’ అనే గడి లేదు. సంతృప్తికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్నాయి. ఐదు నొక్కి, మేడం మొహం చూసి, ‘ఇతరములు’ కింద ‘ఆరాధన’ అని చేర్చాడు. గ్రైండరు మూలుగు వినే తీరిక ఎవరికీ లేకపోయింది. (మేడం వింది. అది ఏ మంత్రమని అడిగింది.)

వారం రోజుల్లో నిర్ణయం వెలువడింది. తూర్పుపాలెం పేరును అవసరం గల ఊళ్ల జాబితా నుంచి తీసేసి, విజయం సాధించిన ఊళ్ల జాబితాలో చేర్చారు. విజయం సాధించిన ఊరికి ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వరాదు. బోర్డు ఇవ్వవచ్చు.

ఇచ్చారు. ఊరి మొదట్లో ఇరవై అడుగుల బోర్డు, దాని మీద దండం పెడుతున్న శేషారత్నం, కింద ‘వెలుగుకు వందనం’. బోర్డు చీకట్లో కూడా కనిపించాలి గనుక నాలుగు పెద్ద లైట్లు, అవి మసకబారకుండా ఒక స్టెబిలైజరు. కనెక్షను మాత్రం ఊళ్లో ఉన్న ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. ఆనాటి నుంచి గ్రైండరు మూలగడం కూడా మానేసింది.

“వదినా, బోర్డు మీద చానా బాగున్నావు,” అంది పక్కింటి రూతమ్మ. “వాళ్లని మా ఇంటికి తోలినట్టయితే ఈ పేచీ ఉండేది కాదు. మేం సందేళ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాం. బల్బు ఎలిగిందో లేదో కూడా చూడం.”

“ఏమే, ఎగతాళా? నా పిండి పోతంటే!”

శేషారత్నం పేటలో ఉన్న నిధి ఆఫీసుకు వెళ్లింది. జయకృష్ణ మర్యాదగా కుర్చీ వేశాడు.

“ఆ దండం కరెంటు బాగుందని కాదయ్యా. సందేళయిందని.”

“అర్థమైందండి. దానికి ‘కృతజ్ఞత ఉపసంహరణ’ అని వేరే ఫారం ఉంది. వరసగా పది సాయంత్రాలు మీరు స్విచ్చి వేసి, దండం పెట్టకుండా ఉన్న వీడియోలు యాప్‌లో పెట్టాలి. అప్పుడు మీ ఊరు మళ్లీ అవసరాల జాబితాలోకి వస్తుంది.”

“పది రోజులు దీపానికి దండం పెట్టకుండానా? ఇంటికి అరిష్టం కాదూ?”

“అరిష్టం వేరే విభాగం చూస్తుందండి.”

నెలాఖరుకు పన్నెండు రోజులుంది. మొదటి సాయంత్రం చేతులు లేచాయి, వీడియో చెల్లలేదు. రెండో సాయంత్రమూ అంతే. మూడో సాయంత్రం రూతమ్మ వచ్చి వెనక నుంచి రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది.

“మెల్లగా పట్టుకోవే, గాజులు పగలతయ్యి!”

“ముందు నువ్వు లాగమాక. ఏంది వదినా ఈ బలం! గ్రైండరుతో నీకేం పని?”

అలా తొమ్మిది సాయంత్రాలు గడిచాయి. (ఫ్రేములో ఉన్న రెండో మనిషి ఎవరని యాప్ అడిగింది. ‘సాంకేతిక సహాయం’ అని రాశారు.) ఆ రోజుల్లో శేషారత్నం అత్తగారి నాటి రుబ్బురోలు కడిగి, దాంట్లోనే రుబ్బింది. బండికి కావలసిన దాంట్లో సగం కూడా తెమల్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేస్తోందని చెప్పి అంకారావును ఆపింది.

పదో సాయంత్రం వీడియో మొదలై, స్విచ్చి పడగానే కరెంటు పోయింది. రూతమ్మ చేతులు వదల్లేదు. వీడియో నడుస్తూనే ఉంది. ఆరు నిమిషాలకు కరెంటు వచ్చింది. రాగానే తూర్పుపాలెం తొంభై ఇళ్లూ, పోయిన కరెంటు వచ్చినప్పుడల్లా చేసే పనే చేశాయి.

“హేయ్... వచ్చిందోయ్!”

అందరికంటే పెద్ద గొంతు రూతమ్మది. చప్పట్లు కొట్టడానికి ఆమె పట్టు వదిలేసింది. శేషారత్నం చేతులు తమ పని తాము చేసుకున్నాయి.

యాప్‌లోంచి నేరుగా చేరిపోయిన ఆ వీడియోను నిధి వార్షిక సభలో మూడుసార్లు వేశారని జయకృష్ణ ఫోన్ చేసి చెప్పాడు. ఫారంలో ‘సామూహిక హర్షం’ అనే కొత్త గడి కూడా చేరింది. తూర్పుపాలేనికి రెండో బోర్డు మంజూరైంది. దీనికి ఆరు లైట్లు.

ఒకటో తారీఖు నుంచి అంకారావు ప్యాకెట్లు తెప్పించుకుంటున్నాడు. శేషారత్నం ఊళ్లో అడిగినవాళ్లకు కాస్త కాస్త రుబ్బి ఇస్తోంది. ఇంట్లో వెలుతురు చాలక రోలును ఏసోబు చేత ఊరి మొదటికి దొర్లించి, బోర్డు కింద వేయించుకుంది. సందేళ నాలుగు లైట్లూ ఒక్కసారి వెలిగేటప్పటికి ఆమె రెండు చేతులూ పిండిలో ఉంటాయి, దండం పెట్టడం కుదరదు. ఆ పని పైన బోర్డు చూసుకుంటోంది.