బంతి కనబడాలి

మన నగరంలో మహిళల టెన్నిస్ పోటీల ఫైనల్ దిగ్విజయంగా ముగిసిన సంగతి పాఠకులకు తెలిసిందే. అది ఒక పాయింటు ముందుగానే ముగిసిన సంగతి తెలియకపోవచ్చు. అంత ముఖ్యమైన విషయం కాదు కనుక మేం రాయలేదు. మర్నాడు మా పత్రిక మొదటి పేజీలో వచ్చిన ఫొటోను మాత్రం ఊరంతా మెచ్చుకుంది. ఆ ఫొటో వెనుక ఉన్న పట్టుదల గురించి, అంకితభావం గురించి, బంధుత్వం గురించి నాలుగు మాటలు చెప్పడం మా విధి.

మా క్రీడా ఫొటోగ్రాఫరు పెద్దాయన. ఏళ్ల తరబడి బంతి వెంట తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ, సెమీఫైనల్ నాడు ఎడమవైపు తిప్పిన తలను మళ్లీ వెనక్కి తెచ్చుకోలేకపోయాడు. ఎడమవైపు జరిగేదంతా ఆయన ఇప్పటికీ చక్కగా చూడగలడు. అయితే టెన్నిస్‌లో సగం ఆట కుడివైపున జరుగుతుంది. అందుచేత యాజమాన్యం అర్హుడైన మరొకరి కోసం విస్తృత అన్వేషణ చేపట్టింది. ఆ అన్వేషణ మా సంపాదకుల వారి వంటింట్లో మొదలై, వారి శ్రీమతి టీ వడకట్టడం పూర్తయ్యేలోగా అక్కడే ముగిసింది.

"మా తమ్ముడున్నాడుగా. ఖాళీగానే ఉన్నాడు" అందావిడ.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇక్కడ బావే బావమరిది బతుకు కోరవలసి వచ్చింది, అంతే తేడా. బావమరిది గారు ఫొటోగ్రఫీకి కొత్త కాదు, కదిలే మనుషులకు మాత్రమే కొత్త. ఆయన అంతకుముందు పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో నడిపేవారు. రెండు చెవులూ కనబడాలి, నోరు మూసి ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, వెనకంతా తెల్లగా ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మనిషి కదలకూడదు. ఈ సూత్రాల మీదే ఆయన జీవితం నడిచింది. ఆయన చేతిలో పడ్డ ఏ మర్యాదస్తుడైనా ఫొటోలో ఏదో నేరం ఒప్పుకోబోతున్నవాడిలా కనబడేవాడు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. స్టూడియో పోయి ఆ గదిలో ఫోన్ కవర్ల దుకాణం వచ్చింది. బావమరిది గారు అక్క ఇంటికి వచ్చారు. మా ఆఫీసులో ఆయన్ని మొదటి రోజు నుంచే 'కదలకండి' గారు అని పిలుచుకునేవాళ్లం, ఆప్యాయంగానే.

సంపాదకుల వారు నిష్పక్షపాతానికి పెట్టింది పేరు. భార్య ఇంట్లో లేని సమయం చూసి బావమరిదికి స్పష్టంగా చెప్పేశారు.

"చూడరా, ఒక్కటే షరతు. ఫొటోలో బంతి కనబడాలి, ముఖం కనబడాలి. రెండూ ఉన్నాయా, ఉద్యోగం నీది. లేవా, మీ అక్క తలకిందులుగా తపస్సు చేసినా నేను వినను."

ఫైనల్ నాటి పొద్దున గుమ్మం దగ్గర అక్క తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది. "ఇదివరకు నిన్ను పెట్టించిన చోటల్లా రెండ్రోజుల్లో తిరిగొచ్చావు. ఇది కూడా పోతే మీ బావ ముందు నేను తలెత్తుకోలేనురా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెప్పులు వేసుకున్నారు. తర్వాత గుర్తొచ్చి, వెనక్కి వచ్చి, బూట్లు వేసుకున్నారు.

పెద్దాయన తన విద్యనంతా పది నిమిషాల్లో ధారపోశాడు. "బంతి వెంట పరిగెత్తకు నాయనా. అది ఎక్కడికి రాబోతోందో అక్కడే ముఖం కూడా ఉంటుంది. ముందే వెళ్లి అక్కడ కాచుకో." పాపం తల ఎడమకే ఉండిపోవడంతో ఈ మాటలన్నీ ఆయన గోడకేసి చెప్పాడు. బావమరిది గారు కూడా మర్యాదగా గోడవైపు తిరిగి తలూపారు.

కోర్టు పక్కన ఫొటోగ్రాఫర్లకు ఒక పల్లపు చోటు కేటాయించారు. అక్కడ కూర్చుంటే కళ్లు సరిగ్గా ఆటగత్తెల పిక్కల ఎత్తుకు వస్తాయి. ఫ్లాష్ వాడకూడదు. ఆట సాగుతుండగా లేవకూడదు. ఆటగత్తెలు అటువాళ్లిటూ ఇటువాళ్లటూ మారేటప్పుడే మనం కదలాలి. మాట్లాడటం అసలే కూడదు. బావమరిది గారి చేతికి నారింజ రంగు పట్టీ కట్టారు, ఒళ్లో ఆఫీసు వారి పొడవాటి లెన్సు పెట్టారు. చంటిబిడ్డను మొదటిసారి ఎత్తుకున్న మేనమామలా ఆయన దాన్ని బిగుసుకుపోయి పట్టుకున్నారు.

ఫైనల్ ఇద్దరమ్మాయిల మధ్య. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఇద్దరూ ప్రాణం పెట్టి ఆడారని చూసినవారు చెబుతారు. బావమరిది గారు చూసే స్థితిలో లేరు, ఫొటోలు తీస్తున్నారు.

మొదటి సెట్టులో ఆయన తీసిన చిత్రాలు ఎంతో విజ్ఞానదాయకం. నెట్ అద్భుతంగా వచ్చింది, ముడులు లెక్కపెట్టుకోవచ్చు. దాని వెనక మసక మసగ్గా ఎవరో మనిషి ఉన్నట్టుంది. బంతి వెళ్లిపోయాక ఆ చోటు ఎలా ఉంటుందో చూపే చిత్రాలు లెక్కలేనన్ని. ఒకదానిలో మోచేయి ఉంది. ఒకదానిలో ఆకాశం ఉంది, అది బాగా కుదిరింది. ప్రతి సర్వీసుకూ ముందు ఆయన పెదవులు వాటంతటవే "కదలకండి" అని గొణిగేవి. పక్కన గీత దగ్గర నిలబడ్డ అంపైరు రెండుసార్లు గుడ్లురిమాడు. ఆటగత్తెలు మాత్రం మాట వినలేదు, కదులుతూనే ఉన్నారు. ఈ కాలం పిల్లల్లో క్రమశిక్షణ లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండో సెట్టులో ఆయనకు ఒక రహస్యం తెలిసింది. ఆటగత్తెలు కుర్చీల్లో కూర్చున్నప్పుడు కదలరు. ఇంకేం, విజృంభించారు. అయితే ఆ సమయంలో వాళ్లు అరటిపండు తింటారు, అప్పుడు నోరు మూసి ఉండదు. లేదా తువ్వాలు కప్పుకుంటారు, అప్పుడు చెవులు కనబడవు. అన్నీ సరిపోయిన ఒకే ఒక్క ఫొటోలో బంతి లేదు. అరటితొక్క ఉంది. అక్క ముఖం గుర్తొచ్చి ఆయన లెన్సును మళ్లీ అటూ ఇటూ తిప్పసాగారు.

మూడో సెట్టులో, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఆయన లెన్సులోకి పోటీల సంఘం అధ్యక్షుల వారు వచ్చారు. అధ్యక్షుల వారికి నగరంలోకెల్లా పెద్ద పరుపుల కర్మాగారం ఉంది. వృత్తి పట్ల వారికున్న నిబద్ధత అందరికీ తెలిసిందే. ముందు వరుసలో మెత్తటి కుర్చీలో, వెనక తెల్లటి తెర, రెండు చెవులూ నిండుగా విచ్చుకుని, నోరు మూసి, రవ్వంత కదలిక లేకుండా వారు నిద్రపోతున్నారు. బావమరిది గారు లెన్సు అటే నిలిపారు. జీవితమంతా ఎదురుచూసిన ముఖం అది. ఒకే ఒక్క లోపం, కళ్లు మూసి ఉన్నాయి.

ఇక్కడ ఆట సంగతి కూడా కాస్త చెప్పాలి. సెట్టు చివరికొచ్చింది. పొడుగమ్మాయికి ఒక్క పాయింటు వస్తే కప్పు ఆమెదే. ఆమె బంతిని నేలకేసి కొడుతూ సర్వీసుకు సిద్ధమవుతోంది. వేల మంది ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో పల్లపు చోటు నుంచి, స్టూడియో రోజుల నాటి గొంతు ఖంగుమంది.

"సార్, కళ్లు తెరవండి!"

అధ్యక్షుల వారు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. చూస్తే జనమంతా తమవైపే తిరిగి ఉన్నారు, ఎవరూ ఆడటం లేదు, ఎవరూ మాట్లాడటం లేదు. ఇలాంటి నిశ్శబ్దం తాము ప్రసంగించాల్సినప్పుడే వస్తుందని వారి అనుభవం. వెంటనే లేచి చప్పట్లు కొట్టారు. వారు కొట్టారు కనుక సంఘ సభ్యులు కొట్టారు, సభ్యులు కొట్టారు కనుక జనం కొట్టారు. కుర్చీ మీది అంపైరు ఏదో అనబోయాడు. ఆయన కుర్చీ ఎంత ఎత్తుగా ఉన్నా అధ్యక్షుల వారి కుర్చీ కంటే ఎత్తు కాదని అప్పుడే తెలిసింది. అధ్యక్షుల వారు చప్పట్లు కొట్టాక ఆట కొనసాగించిన దాఖలా ఏ నిబంధనల్లోనూ లేదని కార్యదర్శి ధ్రువీకరించారు. మైకు వచ్చింది.

"ఈ ఆటను నేను మొదటి నుంచీ చివరిదాకా రెప్ప వాల్చకుండా చూశాను" అన్నారు అధ్యక్షుల వారు. "ఆటలో గెలుపోటములు ముఖ్యం కాదు. ఈ మహత్తర ఘట్టం నా అధ్యక్షతన జరగడమే ముఖ్యం. ఒక మంచి పరుపు మనిషిని ఎలా మోస్తుందో, మన సంఘం ఈ ఆటను అలా మోస్తోంది."

సభ్యులు కళ్లొత్తుకున్నారు. కప్పు ఎవరికివ్వాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు అధ్యక్షుల వారు క్షణం కూడా తటపటాయించలేదు. పొడుగమ్మాయి పక్కన నిలబడితే ఫొటోలో తాము ఎలా కనబడతారో వారికి తెలుసు. పొట్టమ్మాయి చేతిలో కప్పు పెట్టారు.

"సార్, ఆట ఇంకా అవలేదండీ" అంది ఆ అమ్మాయి.

"అవదమ్మా, అవదు! నీలాంటి వాళ్లకి ఎప్పటికీ అవదు. చూశారా, ఎంత గొప్ప మాటందో!" అన్నారు వారు. మళ్లీ చప్పట్లు మోగాయి. ఆనవాయితీ ప్రకారం ఆట బంతిని అధ్యక్షుల వారికి బహూకరించారు. వారు దాన్ని చెంప పక్కన ఎత్తి పట్టుకుని కెమెరా వైపు చూశారు. కళ్లు తెరిచి ఉన్నాయి. నోరు మూసి ఉంది. రెండు చెవులు, ఒక బంతి. బావమరిది గారు మీట నొక్కారు.

జనం వెళ్లిపోయారు. బావమరిది గారు చేతిపట్టీ తిరిగిచ్చేసి, దగ్గరి దారని సాధన కోర్టుల వెనక నుంచి వెళుతుంటే, టప్ టప్ మని బంతి చప్పుడు వినబడింది. చివరి కోర్టులో ఆ ఇద్దరమ్మాయిలే. చూడ్డానికి ఎవరూ లేరు. కప్పు నెట్ స్తంభం పక్కన నేలమీద ఉంది. వాళ్లు మిగిలిన ఆట ఆడుకుంటున్నారు.

పొట్టమ్మాయి ఓడిపోదామని రాలేదు. ఆ ఒక్క పాయింటు ఆమె కాపాడుకుంది, తర్వాతిదీ కాపాడుకుంది. ఇద్దరూ రొప్పుతున్నారు. బావమరిది గారి నోటి చివరికి "కద" అన్నంత వరకూ వచ్చింది. ఎందుకో మిగతా ముక్క మింగేశారు. పెద్దాయన గోడకు చెప్పిన మాట అప్పుడు చెవికెక్కింది. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడికి లెన్సు తిప్పి, ఊపిరి బిగబట్టి కాచుకున్నారు. పొడుగమ్మాయి గాల్లోకి లేచింది. నోరు తెరిచి, పళ్లు కనబడేలా, జుట్టు చెవుల మీద పడి, ముఖమంతా ఒక్కటే పట్టుదల. పై మూలన పసుపుపచ్చగా బంతి. ఆయన ఒక్కసారే నొక్కారు. అటువైపు నుంచి బంతి తిరిగి రాలేదు.

పొట్టమ్మాయి నెట్ దగ్గరికి వచ్చి కప్పు ఎత్తి ఇవ్వబోయింది. "నువ్వే ఉంచుకోవే. దీని మీద వాళ్ల పరుపుల బొమ్మ ఉంది, మా అమ్మ ఇంట్లో పెట్టనివ్వదు" అంది పొడుగమ్మాయి. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. తడికె ఇవతల బావమరిది గారు కూడా, కారణం తెలియకుండానే, నవ్వారు. గాల్లోకి లేచిన ఆ ముఖమే ఆయన జీవితంలో తీసిన మొదటి ఫొటో అని మా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి పత్రిక బాధ్యత వహించదు.

ఆయన పరిగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చి రెండు ఫొటోలూ బావ ముందు పెట్టారు. సంపాదకుల వారు అధ్యక్షుల వారి ఫొటో చూడగానే లేచి నిలబడ్డారు. "బంతి ఉంది, ముఖం ఉంది. భేష్! ఉద్యోగం నీదేరా."

"బావా, ఆ రెండోది చూడు. అసలు గెలిచింది ఈ అమ్మాయి."

"నోరు తెరుచుకుని ఉంది. చెవులు లేవు. పక్కన ప్రముఖులెవరూ లేరు. గెలిచిందని ఎవరు చెప్పారు?"

"నేను చూశాను బావా."

"నువ్వొక్కడివి చూస్తే అది వార్త ఎలా అవుతుందిరా?"

బావమరిది గారు ఇంకేదో అనబోయారు. ఇంతలో ఫోన్లో అక్క గొంతు వినబడింది, ఉద్యోగం వచ్చిందా అని. ఆవిడ సంతోషంతో ఏడుస్తోంది. ఆయన నోరు మూసుకున్నారు. ఆ క్షణంలో ఎవరైనా ఫొటో తీసి ఉంటే పాస్‌పోర్టుకు పనికొచ్చేది.

మా పత్రికలో ఏదీ వృథా పోదు. ఆ రెండో ఫొటోను తర్వాత మహిళల పేజీలో వాడుకున్నాం. 'ముఖం మీద ముడతలు రాకుండా చిట్కాలు' అన్న వ్యాసానికి అది అతికినట్టు సరిపోయింది. 'ముఖం ఇలా చిట్లించుకోకండి' అని కింద రాశాం. పాఠకుల నుంచి అనూహ్య స్పందన వచ్చింది. పొద్దున నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి ఎవరని ఎవరూ అడగలేదు. ఫైనల్లో నిజంగా గెలిచిందెవరని కూడా ఎవరూ అడగలేదు. ఫొటో పై మూలన ఆ పసుపు మచ్చ ఏమిటని, ఇంత పెద్ద పత్రిక అచ్చు విషయంలో ఇంత అశ్రద్ధ ఏమిటని అందరూ నిలదీశారు.

పాఠకుల మాట మాకు శిరోధార్యం. సవరణ రాసే బాధ్యతను ఫొటో తీసినవారికే అప్పగించాం. బావమరిది గారు చాలాసేపు కలం పట్టుకుని కదలకుండా కూర్చుని, చివరికి రాశారు. మర్నాడు అచ్చయింది: "నిన్నటి మహిళల పేజీ చిత్రంలో కనిపించిన పసుపు మచ్చ ముద్రణ లోపం. చింతిస్తున్నాం."

సంపాదకుల వారి షరతు ఆ విధంగా రెండోసారి కూడా నెరవేరింది. బంతి కనబడింది. మీ అందరికీ కనబడింది. అది మచ్చ అని చెప్పింది మీరే.